వేరుశనగకు ముందుగా ఏది: రైజోబియమా, పి.ఎస్.బి.యా, ట్రైకోడెర్మానా?

తొలకరి దగ్గర పడేసరికి వేరుశనగ రైతు ముందుకు మూడు రకాల సూక్ష్మజీవుల ప్యాకెట్లు వస్తాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే రైజోబియం ఒకటి, నేలలో కరగకుండా బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా, అంటే రైతులు పి.ఎస్.బి. అని పిలిచేది, మరొకటి, కుళ్ళు తెగుళ్ళను తెచ్చే శిలీంధ్రాలను అణచివేసే ట్రైకోడెర్మా విరిడి ఇంకొకటి. మూడింటి పనులూ వేరు కాబట్టి ఒకదానికొకటి అడ్డు కావు, మూడూ వాడగలిగితే మంచిదే. అయితే చేతిలోని పైకం, పెంటలోని పశువుల ఎరువు, విత్తనానికి దొరికే రెండు మూడు రోజుల పదును అన్నింటికీ సరిపోని మెట్ట రైతు దేనికి ముందుగా ఖర్చు పెట్టాలన్నది తేల్చుకోక తప్పదు. ఆ పొలంలో గత నాలుగైదేళ్ళలో ఏ పంటలు వేశారో, ఏ తెగులు కనిపించిందో చూస్తే గాని జవాబు దొరకదు.

రైజోబియంతో మొదలుపెడదాం. శనగకో సోయాకో పనికివచ్చే బాక్టీరియా వేరుశనగకు పనికిరాదు. దీనికి అలసంద, పెసర వంటి పంటల వేళ్ళలో ఉండే గుంపే సరిపోతుంది. చాలా పప్పుజాతి మొక్కల్లో ఈ బాక్టీరియా వేరు నూగులోంచి లోపలికి వెళ్తుంది గాని, వేరుశనగలో పక్కవేరు పుట్టుకొచ్చే చోట ఏర్పడే సన్నని పగులు గుండా ప్రవేశిస్తుంది. అందుకే ఈ బాక్టీరియా కాపురముండి నత్రజనిని పట్టే బుడిపెలు ఎక్కువగా పక్కవేళ్ళ మొదళ్ళ దగ్గరే కనిపిస్తాయి. అవి సరిగా పనిచేస్తే పంటకు కావలసిన నత్రజనిలో ఎక్కువ భాగం అక్కడే తయారవుతుంది. వర్షాధార వేరుశనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, అంటే 18 కిలోల యూరియా, చాలని సిఫారసు చేయడం ఈ ధైర్యంతోనే. అంతకు మించి యూరియా వేస్తే మొక్క తేలికగా దొరికే నత్రజనికి అలవాటుపడి బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది, కొన్న రైజోబియం ఖర్చు వృథా అవుతుంది.

అయినా అనంతపురం, కదిరి ప్రాంతాల్లో తరతరాలుగా వేరుశనగ పండుతున్న ఎర్ర నేలల్లో రైజోబియం ప్యాకెట్‌కు మొదటి స్థానం ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం. ఆ నేలల్లో ఈ బాక్టీరియా ఇప్పటికే విస్తారంగా స్థిరపడి ఉంది. మనం విత్తనానికి పట్టించే కొత్త రకం ఎంత చురుకైనదైనా, ఎండకూ కరువుకూ అలవాటుపడిన స్థానిక బాక్టీరియాతో పోటీపడి బుడిపెలో చోటు సంపాదించాలి, చాలాసార్లు ఆ పోటీలో ఓడిపోతుంది. వేరుశనగ రకం కూడా లెక్కలోకి వస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరిశోధనల్లో ఎన్‌సీ 92 అనే రైజోబియం రకం రాబట్ 33-1 అనే వేరుశనగతో కలిసినప్పుడు దిగుబడి పెరగడం గమనించారు. మన రైతులు కదిరి-3 పేరుతో పండించినది ఆ రాబట్ 33-1నే. ఒక జతలో కనిపించిన మేలు మరో జతలో అదే మోతాదులో కనిపించాలని లేదు.

వరి కోసిన మాగాణిలో గాని, మునుపెన్నడూ వేరుశనగ వేయని నేలలో గాని సంగతి పూర్తిగా వేరు. నెలల తరబడి నీరు నిలిచిన మడిలో ఈ బాక్టీరియా సంఖ్య బాగా పడిపోతుంది, కొత్త నేలలోనైతే సరైన రకం ఉండకపోవచ్చు. అలాంటి చోట రైజోబియం పట్టించకుండా విత్తడం తప్పే. ఎకరా విత్తనానికి 200 గ్రాముల పొడిని చల్లార్చిన పలుచని బెల్లం పాకంతో కలిపి పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తుకోవాలి. వేరుశనగ గింజ పై పొర చాలా పలుచనిది. గట్టిగా రుద్దితే పొర ఊడి, బద్దలు విడిపోయి, మొలక చెడుతుంది. కాబట్టి గోనెపట్టా మీద పరచి, చిలకరించి, మెల్లగా దొర్లించడమే మేలు.

తమ పొలం ఈ రెండింటిలో ఏ కోవలోకి వస్తుందో రైతులు స్వయంగా పరీక్షించుకోవచ్చు. విత్తిన 30 నుంచి 40 రోజుల మధ్య, నేల తడిగా ఉన్నప్పుడు, నాలుగైదు చోట్ల మొక్కలను పీకకుండా పారతో మట్టితో సహా లేపి, నీటిలో కడిగి, బుడిపెలను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే నత్రజని పట్టే పని జరుగుతున్నట్టు. తెల్లగా, ఆకుపచ్చగా ఉన్నా, అసలు బుడిపెలే లేకున్నా వచ్చే ఏడు రైజోబియం కొనవలసిందే. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేసేవారు చాలా తక్కువ కావడం నాకు బాధ కలిగిస్తుంది.

పాత వేరుశనగ నేలల్లో నేను ముందుగా ఎంచుకునేది ట్రైకోడెర్మా. వేరుశనగ మీద వేరుశనగ వేసిన చేలో కాండం కుళ్ళు ఏటేటా పెరుగుతుంది. మొదలు దగ్గర తెల్లని బూజు దారాలు, వాటి మధ్య ఆవగింజలంత గోధుమరంగు గుళ్ళు కనిపిస్తే అదే తెగులు. ఆ గుళ్ళు ఏళ్ళ తరబడి మట్టిలో బతికి ఉంటాయి. టెబుకొనజోల్, మాంకోజెబ్ వంటి శిలీంధ్రనాశినితో విత్తనశుద్ధి చేస్తే మొలక దశలో వచ్చే మొదలు కుళ్ళు నుంచి మంచి రక్షణ దొరుకుతుంది గాని, కాయ ఊరే దశ వరకు ఆ మందు ప్రభావం నిలవదు. ట్రైకోడెర్మా అలా కాక మట్టిలోనే పెరిగి, తెగులు శిలీంధ్రపు దారాలను చుట్టుకుని, వాటి గోడలను కరిగించే ఎంజైములను వదిలి వాటినే ఆహారం చేసుకుంటుంది. అయితే దానికి తేమ, సేంద్రియ పదార్థం ఉండాలి. వట్టి ఎర్రమట్టిలో పొడి చల్లితే ఫలితం ఆశించలేము. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో గుట్టగా పోసి, నీరు చిలకరిస్తూ గోనెపట్టా కప్పి వారం పది రోజులు వృద్ధి చెందనిచ్చి, ఆఖరి దుక్కిలో ఎకరానికి వెదజల్లాలి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కాబట్టి శిలీంధ్రనాశినితో కలిపి ఒకే గింజకు పట్టించకూడదు. గింజకు రసాయన మందు, నేలకు ట్రైకోడెర్మా అన్న విభజన నాకు సరైనదనిపిస్తుంది. రైజోబియం బాక్టీరియా కాబట్టి, గింజకు మందు పట్టించి ఆరాక, చివరగా దాన్ని పట్టించే వీలుంది.

పి.ఎస్.బి. విషయంలో ఎక్కువగా కనిపించే పొరపాటు, అది భాస్వరాన్ని సృష్టిస్తుందని అనుకోవడం. ఎర్రనేలల్లో ఇనుముతోనూ, సున్నపు నేలల్లో కాల్షియంతోనూ ముడిపడి ఉన్న భాస్వరాన్ని అది ఆమ్లాలతో విడిపిస్తుంది, అంతే. ఏటా డి.ఎ.పి. కుమ్మరించిన పొలంలో భూసార పరీక్ష భాస్వరం ఎక్కువగా ఉందని చూపితే, 2 కిలోల పి.ఎస్.బి.ని 200 కిలోల పశువుల ఎరువుతో వేసి భాస్వరపు ఎరువును తగ్గించుకోవచ్చు. పరీక్షలో తక్కువ అని వస్తే మాత్రం ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌కు ఇది బదులు కాలేదు. పైగా సూపర్‌లో కాయకు కావలసిన కాల్షియం, నూనెకు కావలసిన గంధకం కూడా ఉన్నాయి, పి.ఎస్.బి. ఆ రెండింటినీ తెచ్చిపెట్టదు. వేరులో కాపురముండి భాస్వరాన్నీ జింకునూ అందించే వ్యామ్ శిలీంధ్రం గుణంలో గొప్పదే గాని, బతికి ఉన్న వేరు మీద తప్ప పెరగదు కాబట్టి మంచి సరుకు దొరకడం కష్టం. మెట్ట రైతుకు దాన్ని చివరి స్థానంలోనే ఉంచుతాను.

పొడి మేలా, ద్రవం మేలా అన్న ప్రశ్నకు నా జవాబు ద్రవమే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైజోబియం, పి.ఎస్.బి. పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల బతికిన కణాలు ఉండాలి. మే నెల ఎండలో రేకుల కొట్టులో ఉంచిన పొడిలో ఆ సంఖ్య నిలవడం కష్టం, ద్రవం వేడిని కొంత మెరుగ్గా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది. ట్రైకోడెర్మా పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది కాబట్టి దాని ప్యాకెట్ మీద రిజిస్ట్రేషన్ సంఖ్య, గడువు తేదీ రెండూ చూడాలి. ఏది కొన్నా చేలో నాలుగు సాళ్ళకు అది తగలకుండా వదిలి, కోతలో ఆ నాలుగింటి కాయలనూ పక్కనున్న నాలుగు సాళ్ళ కాయలనూ వేర్వేరుగా ఎండబెట్టి తూచుకుంటే, మరుసటి ఏడు మళ్ళీ కొనాలో వద్దో ఆ తూకాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు.