కౌలు రైతు సీసీఆర్‌సీ కార్డు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే ఈ కార్డు (సీసీఆర్‌సీ, అంటే పంట సాగుదారు హక్కు కార్డు) గడువు 11 నెలలు. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. ఆ మాట చట్టంలో స్పష్టంగా ఉన్నా పని భూ యజమాని సంతకం దగ్గరే ఆగుతోంది. 2011 నాటి రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు. కొత్త చట్టం దాన్నే తప్పనిసరి చేసింది. అసలు లోపం ఇదే. ఈ నిబంధన ఎత్తేసి, గ్రామంలో విచారించి కార్డు ఇవ్వాలి. ఆసామి, అంటే భూ యజమాని, సంతకం పెట్టకపోవడానికి కారణాలు రెండు: పొలం పోతుందేమోనన్న భయం ఒకటి, ఆ సర్వే నంబరు మీద ఆసామి ముందే పంట రుణం ఎత్తి ఉండటం ఇంకొకటి. అలాంటప్పుడు కార్డు చేతికొచ్చినా బ్యాంకు ముఖం తిప్పుకుంటుంది. సంతకం కోసం గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి పోతుంది.

కార్డు తీసుకునేవాళ్లు నాట్లకు ముందే ఆధార్, పాస్‌బుక్ నకలు, సర్వే నంబరు, విస్తీర్ణం వివరాలతో వీఆర్వో దగ్గర ఒప్పందం రాయించుకోవాలి. తర్వాత ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) సాగుదారుగా ఎవరి పేరు పడిందో చూసుకోవాలి. ఆసామి పేరు పడితే తుపాను పరిహారం ఆయన ఖాతాకే వెళ్తుంది. ఎకరాకు ఇన్ని బస్తాలని మాట్లాడుకున్న కౌలులో ఒక్క బస్తా తగ్గించని మనిషికి ఆ డబ్బు చేరడం అన్యాయం. గడువు దాటితే మళ్లీ కొత్త ఒప్పందం, కొత్త సంతకం.