చిన్న ఏటికి పొట్టి రాడ్: 7 అడుగుల గ్లాస్ రాడ్‌తో బ్రూక్ ట్రౌట్

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షెనాండోవా కొండల్లో బ్రూక్ ట్రౌట్ అనే చిన్న చేప కోసం చాలా ఏళ్లుగా నేను వాడుతున్నది 7 అడుగుల 3-వెయిట్ ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్, అంటే ఒక రకం గాలపు కర్ర. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ కొలతల్లో శ్రద్ధగా చేసిన గ్లాస్ రాడ్ ఏదైనా దాదాపు ఇలాగే ఉంటుంది. నా తీర్పు ముందే చెబుతాను. కొమ్మలు కమ్ముకున్న సన్నటి ఏట్లో దీనికి సాటి లేదు. కాస్త వెడల్పైన చోటికి వెళ్తే మాత్రం ఈ పొట్టితనమే అడ్డం వస్తుంది.

ఫ్లై ఫిషింగ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన ఊళ్లలో గాలానికి ఎరను గుచ్చి, సీసపు గుండు బరువుతో నీళ్లలోకి విసురుతాం. ఇక్కడ గాలానికి ఈకలు, జింక వెంట్రుకలు, దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగు ఉంటుంది. అదే ఫ్లై. దానికి బరువే ఉండదు కాబట్టి దాన్ని మోసుకెళ్లేది లైన్ బరువే. రాడ్‌ని వెనక్కీ ముందుకీ ఊపితే లైన్ బరువుకి అది వంగుతుంది, మళ్లీ నిటారుగా అవుతూ లైన్‌ని ముందుకు తోస్తుంది. 3-వెయిట్ అన్నది లైన్ బరువుకి గుర్తు. అంకె తగ్గేకొద్దీ లైన్ తేలిక.

చిన్న ఏటితో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. రోజ్ రివర్, హ్యూస్ రివర్ అని పేర్లు గొప్పగా ఉన్నా, పైకి వెళ్లేకొద్దీ చాలా చోట్ల నాలుగు అంగల్లో దాటేయొచ్చు. విసిరే దూరం పది, పదిహేను అడుగులు. అంత దగ్గరికి విసిరేటప్పుడు రాడ్ కొసనుంచి బయట ఉండేది సన్నటి లీడరు (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే దారం), దాని వెనక ఒకటి రెండు గజాల లైను మాత్రమే. గట్టి కార్బన్ రాడ్‌కి ఆ బరువు తెలియనే తెలియదు. వంగదు, వంగకపోతే లైన్‌ని తోయదు. గ్లాస్ రాడ్ ఆ కాస్త బరువుకే పిడి దాకా వంగుతుంది. చెయ్యి తొందరపడకుండా ఒక్క క్షణం ఆగితే చాలు, ఫ్లై వెళ్లి మెత్తగా నీళ్ల మీద వాలుతుంది. ఇంకో మాట: రాడ్ మీద 3 అని రాసి ఉన్నా నేను 4-వెయిట్ డబుల్ టేపర్ (రెండు కొసలూ సన్నబడే) లైన్ ఎక్కించాను. దగ్గరి విసుర్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది. కొనేవాళ్లకి నేను ఇచ్చే మొదటి సలహా ఇదే.

తల మీద మౌంటెన్ లారెల్ పొదలు గుడారంలా కప్పేసిన చోట రాడ్ పైకెత్తే వీలే ఉండదు. అక్కడ విల్లు పద్ధతి వాడాలి. ఫ్లైని గాలం వంపు దగ్గర రెండు వేళ్లతో జాగ్రత్తగా పట్టుకుని వెనక్కి లాగితే రాడ్ విల్లులా వంగుతుంది. గురి చూసి వదిలేస్తే కొమ్మల కింద నుంచి దూసుకెళ్తుంది. ఈ పనిలో గ్లాస్‌ని మించింది నేను చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, బండ చాటు నుంచి, పక్కవాటుగా విసరడానికీ పొట్టి రాడ్ ఎంతో హాయి. ఈ కొండ ఏళ్లలో మేత తక్కువ, అందుకే ఇక్కడి చేపలు ఫ్లై విషయంలో పెద్దగా పేచీ పెట్టవు. కానీ పిరికివి. నీడ పడినా, రాయి కదిలినా మాయమవుతాయి. చేప ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది కాబట్టి కింది నుంచి పైకి, వంగి నడవాలి. 14 నంబరు గాలానికి కట్టిన పారాచూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్ అనే ఫ్లైలు నాకు ఏడాదిలో ఎక్కువ భాగం సరిపోతాయి. మార్చి, ఏప్రిల్‌లో మిస్టర్ రాపిడాన్ కడతాను. వర్జీనియాకే చెందిన హ్యారీ మర్రే ఈ నీళ్ల కోసమే తయారుచేసిన ఫ్లై అది. దాని పసుపు రెక్క నురగలో కూడా కనిపిస్తుంది. ఎండాకాలంలో చీమ ఆకారం ఫ్లై.

ఇక చేప. ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. పది అంగుళాలది దొరికితే ఆ రోజంతా పండగే. ముదురాకుపచ్చ వీపు మీద ముగ్గు గీసినట్టు లేత వంకీలు, పక్కన నీలి వలయాల మధ్య ఎర్ర చుక్కలు, రెక్కల అంచున తెల్లటి గీత. ట్రౌట్ అని పిలుస్తారు గానీ ఇది ట్రౌట్‌కి దగ్గరి చుట్టమైన చార్ అనే చేపల కుటుంబానిది. ఈ కొండ ఏళ్లలో తొలినుంచీ ఉన్న ట్రౌట్ ఇదొక్కటే; రెయిన్‌బో ట్రౌట్, బ్రౌన్ ట్రౌట్ రెండూ మనుషులు తెచ్చి వదిలినవి. వర్జీనియా 1993లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఇంత చిన్న చేప కూడా గ్లాస్ రాడ్‌ని చక్కగా వంచుతుంది, దాని ప్రతి గుంజుడూ అరచేతికి తెలుస్తుంది. గట్టి రాడ్‌తో అయితే చేప నీళ్లలోంచి ఎగిరి వచ్చి ఒడ్డున పడుతుంది. అలా పట్టడం నాకు ఇష్టం లేదు.

లోటు ఎక్కడంటే, స్టాంటన్ రివర్ దగ్గర. 1995 జూన్‌లో మాడిసన్ కౌంటీలో కురిసిన కుంభవృష్టికి కొండచరియలు జారి ఆ ఏటి కింది భాగాన్ని చెట్లతో సహా ఊడ్చేశాయి. చేపలు కొన్నేళ్లలోనే తిరిగొచ్చాయి గానీ, పెద్ద బండలు పేరుకున్న ఆ బాటలో ఏరు ఇప్పటికీ కొన్నిచోట్ల తెరిపిగా ఉంటుంది. అక్కడ బండల మధ్య నీరు ఒక పాయ వేగంగా, పక్క పాయ నెమ్మదిగా పారుతుంది. ఫ్లై నెమ్మదైన నీటిలో తేలుతుంటే మధ్యలోని వేగం లైన్‌ని పట్టి లాగేస్తుంది. పురుగు నీటికి అడ్డంగా పరిగెత్తడం చూసిన చేప దాన్ని ముట్టదు. రాడ్ పొడుగ్గా ఉంటే లైన్‌ని గాల్లోనే ఎత్తి పట్టుకోవచ్చు. ఏడు అడుగులతో, చెయ్యి ఎంత చాచినా, అది కుదరదు. రాపిడాన్ నది కింది భాగంలోనూ ఇదే ఇబ్బంది.

అలాంటి చోట ఒక స్నేహితుడి టెన్కారా రాడ్ పట్టి చూశాను. రీల్ (లైన్ చుట్టుకునే చక్రం) లేని జపాన్ పద్ధతి అది. పన్నెండు అడుగుల కర్ర, కొసకు కట్టిన లైను, అంతే. జపాన్ కొండ ఏళ్లలో ఇవానా అనే చేప కోసం పుట్టిన పద్ధతి, ఇవానా కూడా చార్ కుటుంబానిదే. బండల మడుగుల్లో అది నా రాడ్‌ని తేలిగ్గా మించిపోయింది. పొదల్లోకి దూరగానే మాత్రం దాన్ని తిప్పడానికే చోటు లేదు. అందుకే మొదటి ఫ్లై రాడ్‌గా గ్లాస్‌ని కొనమని నేను ఎవరికీ చెప్పను. ఎనిమిదిన్నర అడుగుల 4-వెయిట్ తీసుకుంటే అన్ని చోట్లా పనికొస్తుంది. హిమాచల్‌లో తీర్థన్ బ్రౌన్ ట్రౌట్ కోసం వెళ్లే మనవాళ్లకీ అదే మంచిది, అది వెడల్పైన నది.

మన్నిక గురించి చెప్పాలంటే, గ్లాస్ మొండిది. బండల మీద పడింది, చెట్టు సందుల్లో ఇరుక్కుంది, విరగలేదు. పిడి కార్కు అక్కడక్కడ పెచ్చులూడింది. నాకు నచ్చనిది రీల్‌ని పట్టి ఉంచే రింగులు. నడిచేటప్పుడు వదులై రీల్ జారి నీళ్లలో పడుతుంది. కంపెనీకి రాస్తే రింగులు మార్చి పంపారు, అవీ అంతే. ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు చుట్టాక ఆ బెడద పోయింది. రాడ్ ముక్కలు కలిసే చోట కొవ్వొత్తి మైనం కాస్త రాస్తే వదులవ్వవు. ఇంత చిన్న చేపకి ఖరీదైన రీల్ అక్కర్లేదు. ఆ డబ్బు బూట్లకి పెట్టండి, పాచి పట్టిన రాయి మీద జారకుండా ఉండటం ముఖ్యం.

రాడ్‌తో పాటు నా సంచిలో తప్పకుండా ఉండేది థర్మామీటర్. నీళ్లు 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్ దాటితే ఈ చేపకి ఊపిరి కష్టం. అప్పుడు పట్టి వదిలినా బతకకపోవచ్చు. నీడనిచ్చే హెమ్లాక్ చెట్లను ఆసియా నుంచి వచ్చిన పురుగు చంపేసింది. బొగ్గు పొగల నుంచి వచ్చిన ఆమ్ల వర్షం దశాబ్దాల పాటు కురిసింది. ఆమ్లాన్ని విరిచే బసాల్ట్ రాతి మీద పారే పైనీ రివర్ లాంటివి దాన్ని తట్టుకున్నాయి గానీ, క్వార్ట్జైట్ మీద పారే పెయిన్ రన్ లాంటివి బాగా నలిగాయి. ఇన్ని దెబ్బలు తిన్న చేప మీద మన వల్ల ఇంకో దెబ్బ పడకూడదు. గాలం మొన వెనక ఉండే ముల్లు నొక్కేయండి, చెయ్యి తడుపుకునే చేపను ముట్టుకోండి. ఈ ఏళ్లున్న షెనాండోవా నేషనల్ పార్కులో ఉత్తుత్తి ఎర, ఒకే మొన ఉన్న గాలం మాత్రమే వాడాలి. వర్జీనియా లైసెన్సు కూడా ఉండాలి.

అక్టోబరు, నవంబరుల్లో గుడ్లు పెట్టే కాలం. ఆడచేప తోకతో గులకరాళ్లను కడిగి గుంట చేస్తుంది, ఆ చోటు చుట్టూ ఉన్న రాళ్లకంటే తేటగా మెరుస్తుంది. అక్కడ ఒక్క అడుగు పడితే కింద గుడ్లు నలిగిపోతాయి. జత కట్టిన చేపలు కనిపిస్తే ఆ మడుగు వదిలేసి ముందుకు పోతాను. మిగతా చోట కూడా ఏట్లో దిగకుండా ఒడ్డు నుంచే విసరాలి. అందుకు ఈ రాడ్ పొడవు చాలదు. ఆ రెండు నెలలూ దీన్ని ఇంట్లో ఉంచి ఎనిమిదిన్నర అడుగులది తీసుకెళ్తాను.