మా బస్తీ కమ్యూనిటీ హాల్: ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళ మాట

హైదరాబాద్‌లో మేముండే బస్తీలో అన్నీ అరవై, డెబ్బై గజాల ఇళ్ళే. కింద ఓనరు, పైన రెండు మూడు కిరాయి వాటాలు. ముందు గదిలో నలుగురు కూర్చుంటే ఐదో మనిషి గడప దగ్గర నిలబడాల్సిందే. జీహెచ్‌ఎంసీ కట్టించిన ఈ రెండంతస్తుల హాల్ లేకపోతే సీమంతమైనా, బారసాలైనా, చావైనా మాకు రోడ్డు మీద టెంటే గతి.

కరెంటుకు ఇంత, ఊడ్చి కడిగినందుకు ఇంత అని బస్తీ కమిటీ తీసుకుంటుంది. ఫంక్షన్ హాల్ వాళ్ళు ఒక్క పూటకు అడిగేదానితో చూస్తే అది ఏ మూలకూ రాదు. కుర్చీలు సగం బాగుంటాయి, సగం ఊగుతాయి. చుట్టాలొచ్చేలోగా చూసి పక్కన పెట్టుకోవాలి.

అయితే ఈ హాల్ విలువ నాకు తెలిసింది శుభకార్యాల్లో కాదు. కిరాయి ఇంట్లో మనిషి పోతే ఎంత అవస్థో ఈ నగరంలో ఉన్నవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన శవాన్ని గేటు దాటనివ్వని ఓనర్లున్నారు. దినాలయ్యేదాకా ఇంకెక్కడైనా చూసుకోండి అని మొహం మీదే చెప్పేవాళ్ళూ ఉన్నారు. మా వీధిలో పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ పోయినప్పుడు అదే జరిగింది. అంబులెన్స్ గల్లీ మొదట్లో ఆగిపోయింది, ఎక్కడ దించాలో ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి కావస్తుండగా ఫోన్ చేస్తే వాచ్‌మన్ లేచి వచ్చి తాళం తీశాడు. మెట్ల పక్క జాగాలో లైట్లు వేసి, ఫ్రీజర్ బాక్స్‌కు ప్లగ్గు ఎక్కడుందో చూపించాడు. వాకిట్లో గోడకు ఆ పెద్ద సాకెట్ ఎవరు పెట్టించారో గానీ, ఇలాంటి రాత్రి ఎప్పుడో చూసినవాళ్ళే అయ్యుంటారు. ఊరి నుంచి చుట్టాలు వచ్చేదాకా ఇంటామె, పిల్లలు అక్కడే జంబుఖానా మీద కూర్చున్నారు. తెల్లారగానే చుట్టుపక్కల ఇళ్ళ నుంచి చాయ్ వచ్చింది. పెద్దకర్మ అయ్యేవరకు వాళ్ళు పైనున్న చిన్న గదిలోనే ఉన్నారు. కమిటీ ఒక్క రూపాయి అడగలేదు. చావుకు పైసలు తీసుకోవద్దని ఎక్కడా రాసిలేదు, అయినా తీసుకోరు.

కింద ఓ పక్క బస్తీ దవాఖానా ఉంది. 2018లో నగరంలో ఇవి మొదలైనప్పుడు చాలావాటికి ఇలాంటి హాళ్ళలోనే చోటిచ్చారు. బీపీ, షుగర్ మాత్రలకు మా అమ్మ ఆటో ఎక్కాల్సిన పని తప్పింది. రక్తం ఇక్కడే తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే సర్కారు ల్యాబుకు పంపుతారు. ఉచిత పరీక్షలు మొదట్లో 57 రకాలుండేవి, 2023లో వాటిని 134కు పెంచారు. ఒకటే చిక్కు: పైన పెళ్ళి ఉంటే ఆ డప్పుల మోతలో డాక్టరుకు స్టెతస్కోపు పెట్టినా ఏం వినపడుతుందో ఆ దేవుడికే ఎరుక.

2020 అక్టోబరు వానలకు కింది గల్లీలు మునిగినప్పుడు అక్కడి జనాన్ని ఇక్కడే పడుకోబెట్టారు, ఇక్కడే వండి పెట్టారు. కరోనా టీకాలు, కంటి వెలుగు క్యాంపు, ఓట్లు, బతుకమ్మ ముందు రోజు ఆడవాళ్ళ హడావిడి... అన్నీ ఇక్కడే.

ఇక లోపాలు. బాత్రూములు మగవాళ్ళవి దారుణం, ఆడవాళ్ళవి ఫర్వాలేదు. లిఫ్టు లేదు, భోజనాలేమో పైన. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు విస్తరి కిందికే తెచ్చివ్వాలి. సాయంత్రాలు పై గదిలో కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు కూర్చుంటారు. ముహూర్తాలు మొదలైతే చాలు, పుస్తకాలు సర్దుకుని ఏ గుడి మెట్ల మీదికో పోతారు. నాకు అన్నిటికంటే కష్టమనిపించేది ఇదే. పెళ్ళి ఒక్కరోజుతో అయిపోతుంది, వాళ్ళ నోటిఫికేషన్ మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ ఒక్క గదినైనా బుకింగుల్లోంచి తీసేయమని అడుగుతూనే ఉన్నాం.

ఈ మధ్య కొందరు, హాల్‌ను ఏడాదికి ఇంతని క్యాటరింగ్ వాళ్ళకు అప్పజెప్తే రంగులు వేస్తారు, ఏసీలు పెడతారు అంటున్నారు. పెడతారేమో. లీజుకు తీసుకున్నవాడు అర్ధరాత్రి మేస్త్రీ శవం కోసం ఊరికే తాళం తీస్తాడంటే మాత్రం నేను నమ్మను. మీటింగులో ఈ మాటే చెప్పాను, ఇంకా ఏదీ తేలలేదు.

నా లెక్కలో ఐదుకు నాలుగు. తగ్గిన ఆ ఒకటి బాత్రూములకు. బుక్ చేసుకునేవాళ్ళు మాఘం, ఫాల్గుణం అయితే బాగా ముందే అడగండి, ఇచ్చిన డబ్బుకు రసీదు తీసుకోండి. గ్యాస్ సిలిండర్, వంటపాత్రలు మీవే. నీళ్ళ ట్యాంకు మధ్యాహ్నానికే అడుగంటుతుంది కాబట్టి పొద్దున్నే రెండు డ్రమ్ములు నింపి పెట్టుకోండి.