అమ్మోనియా: పేరు గుల్ల చూసి పెట్టాలా, డీఎన్ఏ చూసి పెట్టాలా?

అమ్మోనియా అంటే ఇక్కడ ఘాటైన వాయువు కాదు, చుట్ట గుల్ల కట్టే ఓ చిన్న సముద్ర జీవి. ఇటలీలోని రిమిని బీచ్ ఇసుకలో కంటికి ఆనీ ఆనని చుట్ట గుల్లలున్నాయని అక్కడి ప్రకృతి పరిశోధకుడు జియోవాన్నీ బియాంకీ 1739లోనే రాశాడు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో వాటికి నాటిలస్ బెక్కారీ అని పేరు పెట్టాడు. నాటిలస్ అంటే ఆక్టోపస్‌కి చుట్టం. ఈ గుల్ల కట్టేదేమో ఒకే కణమున్న జీవి, ఫొరామినిఫెరా. చుట్ట ఆకారం చూసి పొరబడ్డాడు, పాపం. ఆ తర్వాత రొటాలియా, స్ట్రెబ్లస్ అని ఇళ్లు మారి, చివరికి అది అమ్మోనియా అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) కుదురుకుంది.

ప్రజాతి వరకైతే గుల్లే చాలు. ఒక వైపు చుట్లన్నీ కనిపిస్తాయి, రెండో వైపు ఆఖరి చుట్టు గదులే కనిపిస్తాయి. కోటి ఏళ్ల పైబడిన మయోసీన్ కాలపు రాయిలో దొరికినా, నిన్న తీసిన బురదలో దొరికినా గుర్తుపట్టే తీరు ఒకటే. అసలు గొడవ జాతుల దగ్గర మొదలవుతుంది.

గుల్లను నమ్మేవాళ్లకు పెద్ద చిక్కు, ఆకారం నీటిని బట్టి మారడం. 1970లలో ఒకే తల్లి సంతతిని ల్యాబ్‌లో పెంచితే రకరకాల రూపాలు వచ్చాయి. దాంతో చాలామంది ఇవన్నీ బెక్కారీయే అని ఒకే గంపలో వేశారు. డీఎన్ఏ వచ్చాక కథ తిరగబడింది. ఫొరామినిఫెరా పరిశోధకుడు బ్రూస్ హేవార్డ్ బృందం 2004లో డీఎన్ఏ తెలిసిన గుల్లలనే తీసుకుని కొలతలు వేస్తే 13 రకాలు తేలాయి. ఒకటే అనుకున్న గంపలో ఇన్ని జాతులున్నాయన్నమాట!

అలాగని డీఎన్ఏకే ఓటు వేద్దామంటే, శిలాజంలో అది మామూలుగా దొరకదు. ఆ పరీక్షకు ఎక్కువగా బతికున్న జీవే కావాలి. సముద్రం అడుగున గొట్టం దింపి తీసిన పొడవాటి బురద దిమ్మలో (కోర్) వేల గుల్లలుంటాయి, జీవం ఉన్నవి పైపొరలోనే. డీఎన్ఏ గీసిన గీత గుల్ల మీద కనిపించకపోతే భూగర్భ శాస్త్రవేత్తకు అది ఎందుకు?

నాకు నచ్చిన దారి యూరప్ తీరంలో చేసిన పని. అక్కడి మూడు రకాలు మామూలు మైక్రోస్కోప్ కింద దాదాపు ఒకేలా ఉంటాయి. ముందు డీఎన్ఏతో విడదీసి, తర్వాత ఆ గుల్లలనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. గదుల మధ్య అతుకు ఉబ్బుగా ఉందా, చదునుగా ఉందా, గోడ రంధ్రాలు ఎంత వెడల్పు అన్నవి తేడా పట్టించాయి. ఆ మూడింట్లో ఒకటి తూర్పు ఆసియా నుంచి వలస వచ్చిందని భావిస్తున్నారు. అన్నిటినీ ఒకే పేరుతో లెక్కపెడితే ఆ చొరబాటు జాడే తెలిసేది కాదు.

అంటే హద్దు గీయడానికి డీఎన్ఏ, పేరు మోయడానికి గుల్ల. ఇంత శ్రమ అన్నిచోట్లా అక్కర్లేదు. ఒకప్పుడు ఇక్కడ ఉప్పుటేరు ఉండేదా అన్నదే ప్రశ్న అయితే, ఇతర గుల్లలతో కలిపి చూసినప్పుడు ప్రజాతి పేరే చాలా మటుకు జవాబు చెబుతుంది. గుల్ల రసాయనంతో పాత నీటి వేడి లెక్కగట్టాలంటే మాత్రం రెండు జాతులు కలిసిపోతే లెక్క చెడిపోవచ్చు.

పులికాట్, గోదావరి ముఖద్వారాల బురదలోనూ అమ్మోనియా ఉంది. అక్కడ దొరికిన ప్రతి గుల్లకీ అలవాటుగా రిమిని గుల్లల పేరైన బెక్కారీ తగిలించే కన్నా, 'అమ్మోనియా, జాతి తేలలేదు' అని రాసి, రెండు వైపులా తీసిన ఫొటోలు పక్కన పెట్టడం మేలు.