లెదర్, జోయా పగడాలు ఒకే ట్యాంకులో: నాలుగేళ్లు చూశాక

మాది విజయవాడ సింగ్‌నగర్‌లో మూడో అంతస్తు. హాల్లో మూడడుగుల ట్యాంకు, 180 లీటర్ల ఉప్పునీళ్లు. మొదలుపెట్టినప్పుడే రాతి పగడాల జోలికి పోకూడదనుకున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పులితో పాటు అవీ ఉన్నాయి, ఆ తలనొప్పి మనకెందుకు? అందుకని మెత్తటి పగడాలే తెచ్చుకున్నాను: అరచేయంత లెదర్ కోరల్ ఒకటి, జోయాంథిడ్లు (జోయాలు) రెండు గుత్తులు, మష్రూమ్‌లు నాలుగు. మెత్తటివే కదా, కొట్టుకోవులే అనుకున్నాను.

మష్రూమ్ గొడవ కంటికి కనబడేదే. ఒకటి మెల్లగా జరుగుతూ వచ్చి జోయాల మీద అంచు వాల్చింది. వారం తర్వాత ఎత్తి చూస్తే, దాని కింద బొత్తాల్లాంటి పాలిప్‌లు ఐదారు తెల్లబడి, నానిన మెతుకుల్లా చితికిపోయి ఉన్నాయి. రాయిని జానెడు దూరం జరిపాను, అంతటితో సరి. (జోయాలను ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో పాలిటాక్సిన్ అనే గట్టి విషం ఉండొచ్చు.)

లెదర్‌తో అలా తేలలేదు. జోయాలకు రెండడుగుల దూరంలో, అవతలి మూలన ఉంది. అయినా జోయాలు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయాయి. "అత్తిపత్తి తెచ్చిపెట్టావేంట్రా?" అంది అమ్మ. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు, వేడి 26 డిగ్రీలు, టెస్ట్ కిట్‌లో ఏ తేడా లేదు. లైటు ఎత్తు మార్చాను, పంపు మూతి తిప్పాను. మూడు వారాలు ఇదే పని. నీళ్లు పసుపు తేలాయని, కరిగిన రసాయనాలను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి వేశాను, అంతే. మూడో రోజు పొద్దున టీ గ్లాసుతో వచ్చి చూద్దును కదా, ఒక్కోటీ విచ్చుకుంటోంది.

కార్బన్ మార్చడం మర్చిపోయి నెల దాటితే మళ్లీ ముడుచుకునేవి. పక్కన ఇంకేదీ పెరగకుండా లెదర్ టెర్పీన్లనే రసాయనాలను నీళ్లలోకి వదులుతుంది. సముద్రంలో అయితే కొట్టుకుపోతాయి, 180 లీటర్లలో ఎక్కడికి పోతాయి? మష్రూమ్‌ను జరిపితే సరిపోయింది గానీ ఈ గొడవకు దూరం పనికిరాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చినప్పుడు నాలుగు రోజులు కరెంటు లేదు. ఇన్వర్టర్ మొదటి రాత్రికే చేతులెత్తేసింది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒక్కటే దిక్కు. లెదర్ అప్పుడప్పుడూ మైనం లాంటి పైపొర విడుస్తుంది, గట్టి ప్రవాహం ఉంటేనే అది ఊడిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే విడిచింది. పొర ఊడక, కింద కుళ్లు పట్టి, హాలంతా పాడైన రొయ్యల వాసన. టార్చి వెలుగులో కొత్త బ్లేడుతో మూడో వంతు కోసి పారేశాను. డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీళ్లు 40 లీటర్లు ఉండబట్టి మార్చగలిగాను. లెదర్ బతికింది. జోయాలు సగం పోయాయి. ఊపిరాడకా, లెదర్ విషానికా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

మే నెల ఎండలకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ బిల్లు సంగతి చెప్పుకోవడం అనవసరం, ఏ పగడాలు పెట్టినా అది తప్పదు.

కలిపి పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. నాలుగేళ్లుగా పెడుతున్నాను, అందంగానూ ఉంది. కానీ కొత్తవాళ్లు అడిగితే లెదర్ గానీ జోయాలు గానీ ఏదో ఒకటే తెచ్చుకోమంటాను. రెండూ కావాలంటే నీళ్లలోని మురికిని నురగతో లాగేసే స్కిమ్మర్, వారం వారం నీళ్ల మార్పు, మూడు వారాలకోసారి కొత్త కార్బన్ తప్పవు. మా వంటింటి క్యాలెండర్ మీద గ్యాస్ బండ వచ్చిన తేదీ పక్కనే కార్బన్ వేసిన తేదీ రాస్తున్నాను. ఈ మధ్య నేను మర్చిపోయినా అమ్మే గుర్తుచేస్తోంది.