దుబాయ్‌లో బడి: సీబీఎస్‌ఈనా, బ్రిటిష్ సిలబసా?

సోంపేట నుంచి కుటుంబంతో దుబాయ్ వెళ్లేవాళ్లకు వీసా కంటే పిల్లల బడే పెద్ద టెన్షన్. అక్కడి సీబీఎస్‌ఈ బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. మన స్టేట్ సిలబస్ పిల్లలకు అప్పటికి పరీక్షలే అవ్వవు, కాబట్టి సీటు సంగతి ముందే మాట్లాడుకోవాలి. రేపు కాంట్రాక్టు అయిపోయి శ్రీకాకుళం వచ్చేసినా, ఇక్కడి సీబీఎస్‌ఈ బడిలో చేరితే అదే బోర్డు, సాధారణంగా అవే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు.

బ్రిటిష్ బడి మొదలయ్యేది ఆగస్టు చివర్లో. వేసవంతా చేతిలో ఉంటుంది గానీ ఫీజు సాధారణంగా ఎక్కువ. ఇయర్ 6 అంటే మన ఐదో తరగతే. పిల్లాడికి డబుల్ ప్రమోషన్ వచ్చిందని స్వీట్లు పంచేయకండి! అరబిక్ ఏ బడిలోనైనా తొమ్మిదో తరగతి దాకా తప్పదు. టీసీకి ఏ అటెస్టేషన్ (అధికారిక ధ్రువీకరణ) కావాలో ఊళ్లో ఉండగానే బడివాళ్లను అడగండి.

రెండు మూడేళ్ల ఉద్యోగమైతే నా ఓటు సీబీఎస్‌ఈకే.