యాకిమాలో ఫ్రెష్ హాప్ బీర్లు: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ తాగాలి, ఎక్కడ దిగాలి

సెప్టెంబరు వచ్చిందంటే సియాటిల్ దుకాణాల్లో గుమ్మడికాయ బీర్లు బారులు తీరతాయి. ఎలీజియన్ బ్రూవరీ వాళ్ల నైట్ ఔల్ వాటిలో బాగా పేరున్నది. అల్లం, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం అన్నీ పడతాయి అందులో. ఒక గ్లాసు వరకూ బాగుంటుంది, రెండోదానికి ఆ మసాలా మొహం మొత్తుతుంది. జర్మన్ పద్ధతిలో చేసే మార్జెన్ నాకు అంతకన్నా ఇష్టం. చేదు తక్కువ, దోరగా వేగిన గింజ రుచి. కానీ ఈ రెండూ అమెరికాలో ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్నవాళ్లు ఈ సీజన్‌లో వదులుకోకూడనిది ఫ్రెష్ హాప్ బీరు. అది కూడా యాకిమా వెళ్లి తాగాలి.

బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే పువ్వులు హాప్స్. అమెరికా పంటలో ఎక్కువ భాగం వాషింగ్టన్‌దే, అదీ దాదాపు అంతా యాకిమా లోయలోనే. ఆగస్టు చివర కోతలు మొదలై సెప్టెంబరంతా సాగుతాయి. పచ్చి పువ్వులో 80 శాతం దాకా నీరే ఉంటుంది. అలాగే వదిలేస్తే పాడైపోతుంది కాబట్టి కోసిన వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, తేమను 10 శాతం దగ్గరికి తెచ్చి, బేళ్లు కట్టి చల్లటి గోదాముల్లో పెడతారు. ఏడాది పొడవునా మనం తాగేది ఆ ఎండు హాప్స్‌తో చేసిన బీరే. ఆరబెట్టేటప్పుడు పువ్వులోని సున్నితమైన వాసనలు కొన్ని పోతాయి. ఫ్రెష్ హాప్ బీరులో ఆరబెట్టే పనే లేదు. తోటలో కోసిన పువ్వును ఒక్క రోజులోపే నేరుగా వేసేస్తారు. నీటి బరువు ఉంటుంది కనుక ఎండువాటికన్నా ఐదారు రెట్లు ఎక్కువ వెయ్యాలి. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా వాళ్లు 1996లో ఇలా ఒక బీరు చేశాక మిగతావాళ్లూ అందుకున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావ మొదటి గుక్క వేసి, "పొద్దున్నే చెట్టు మీంచి దించిన కల్లు లాంటిది రా ఇది, ఆలస్యం చేస్తే ఉండదు" అన్నాడు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

సియాటిల్ నుంచి దారి సుమారు 140 మైళ్లు, రెండున్నర గంటలు. ఐ-90 మీద స్నోక్వాల్మీ పాస్ దాటేవరకూ పచ్చటి అడవి. ఎలెన్స్‌బర్గ్ దగ్గర ఐ-82 ఎక్కాక గోధుమరంగు బోడికొండలు. మళ్లీ లోయలోకి దిగగానే ఆపిల్ తోటలు, ఎత్తయిన గుంజలకు తీగలు కట్టి పెంచిన హాప్ తోటలు. కిటికీ దించితే గాల్లోనే వాసన తెలుస్తుంది.

మా అందరికీ బాగా నచ్చింది యాకిమా పక్కనే ఉన్న మాక్సీ అనే చిన్న ఊరి దగ్గరున్న బేల్ బ్రేకర్. 1932 నుంచి హాప్స్ పండిస్తున్న లాఫ్టస్ కుటుంబంలోని నాలుగో తరం వాళ్లు 2013లో తమ తోటలోనే పెట్టిన బ్రూవరీ ఇది. దాన్ని కట్టిన పొలం నంబరు 41, అందుకే వాళ్ల పేల్ ఏల్ పేరు ఫీల్డ్ 41. తీగల్ని పైనుంచి కోసే యంత్రం పేరే వాళ్ల టాప్‌కట్టర్ ఐపీఏకి (హాప్స్ బాగా వేసి చేసే చేదు బీరు) పెట్టారు. బయట పచ్చిక మీద కూర్చుంటే మూడు పక్కలా తోటే. చిన్న గ్లాసుల ఫ్లైట్ చెప్పి, మామూలు ఐపీఏనీ సిట్రా స్లిక్కర్ అనే వాళ్ల ఫ్రెష్ హాప్ ఐపీఏనీ పక్కపక్కన పెట్టుకుని తాగాం. మీరూ అలాగే చెయ్యండి, తేడా తెలియాలంటే అదే దారి. ఎండు హాప్స్ చేదు నాలుక మీద గట్టిగా నిలబడింది. పచ్చిది మెత్తగా, రసం ఊరుతున్నట్టుగా దిగింది, చివర్లో ఆకుపసరు రుచి.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఓ గిన్నెలో పచ్చి పువ్వులు పెట్టి, తలా ఒకటి తీసుకోమంది. రేకులు విప్పి చూస్తే మొదట్లో పసుపురంగు పొడి. వాసనా చేదూ ఉండేది దాంట్లోనే. అరచేతుల మధ్య నలిపితే జిగటగా అంటుకుంది. ముందు కమలాతొక్క వాసన, తర్వాత దేవదారు బంక, ఆపైన కొంచెం ఉల్లిపాయ కూడా. సబ్బుతో కడిగినా రాత్రి భోజనం దాకా చేతులు వదల్లేదు.

ఊరి మధ్యలో సింగిల్ హిల్ అనే బ్రూవరీ ఉంది. 2018లో మొదలైంది. తోటలో కూర్చునే అందం ఇక్కడ లేదు గానీ, తేలికపాటి బీర్లు కోరేవాళ్లకు ఇదే మేలు. వడ్డించినవాళ్లు ఓపిగ్గా, ఏ బీరులో ఏ రకం హాప్స్ పడిందో అడిగిన ప్రతిసారీ చెప్పారు. మద్యనిషేధం తర్వాత అమెరికాలో మొట్టమొదటి బ్రూపబ్‌ను (బీరు అక్కడే చేసి అక్కడే పోసే పబ్) బర్ట్ గ్రాంట్ 1982లో పెట్టింది కూడా ఈ ఊళ్లోనే. ఇప్పుడది లేదు.

అక్టోబరు మొదటి శనివారం ఇక్కడ ఫ్రెష్ హాప్ ఏల్ ఫెస్టివల్ జరుగుతుంది. 2003 నుంచి నడుస్తోంది. ఒక్కచోట అన్ని బ్రూవరీల బీర్లూ రుచి చూడాలంటే ఇంతకన్నా మంచి రోజు లేదు. కానీ జనం విపరీతం, క్యూలో నిలబడి తాగడం, పోసేవాళ్లను ఒక్క మాట అడిగే తీరిక ఉండదు. స్నేహితులతో కబుర్లు చెప్పుకుంటూ తాగాలనుకునేవాళ్లు సెప్టెంబరు మూడో వారం వెళ్లండి. అప్పుడైతే కోతలు కూడా కళ్లారా చూడొచ్చు.

హోటల్ విషయంలో నా సలహా ఒక్కటే: డౌన్‌టౌన్‌లోనే తీసుకోండి. మేము హైవే పక్కన చవగ్గా వచ్చిందని ఒకచోట దిగాం. రాత్రంతా లారీల మోత, గదిలో పాత సిగరెట్ల వాసన. మార్చమంటే వేరే గది లేదన్నారు. అంతకన్నా పెద్ద ఇబ్బంది, అక్కణ్నుంచి ఎక్కడికీ నడిచి వెళ్లలేం, రాత్రిపూట క్యాబ్ కోసం చాలాసేపు చూడాలి. డౌన్‌టౌన్‌లో అయితే తాగి నడుచుకుంటూ గదికి చేరొచ్చు.

మాక్సీకి మాత్రం కారు తప్పదు, కాబట్టి తాగని మనిషి ఒకరు వెంట ఉండాలి. ఇది మనవాళ్లు సీరియస్‌గా తీసుకోవాల్సిన సంగతి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తాగి నడుపుతూ అరెస్టయితే, కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. మా గుంపులో అసలు మందు ముట్టని స్నేహితుడే డ్రైవింగ్‌కు ముందుకొచ్చాడు. అందుకని తిండి ఎక్కడన్నది అతనికే వదిలేశాం. ఇండియా నుంచి వచ్చిన బంధువులుంటే పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లమనండి, మన డ్రైవింగ్ లైసెన్సును నమ్ముకోవద్దు.

ఆ స్నేహితుడు ఎంచుకున్నది యూనియన్ గ్యాప్‌లోని లాస్ హెర్నాండెజ్ టమాలీస్. అమెరికాలో వంటకు ఇచ్చే పెద్ద పురస్కారం జేమ్స్ బియర్డ్ అవార్డు 2018లో వచ్చిన చిన్న హోటల్. మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, పొత్తి ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన టమాలీలు మెత్తగా, కమ్మగా ఉన్నాయి. అయితే వాళ్ల ప్రసిద్ధ ఆస్పరాగస్ టమాలీ వసంతకాలంలోనే దొరుకుతుంది. శరదృతువులో చికెన్, పోర్క్ తినేవాళ్లకే లాభం, శాకాహారులు వేరే ఏర్పాటు చేసుకోవాలి.

వచ్చేటప్పుడు ఫ్రెష్ హాప్ బీరు డబ్బాలు కొనుక్కోవాలంటే కారులో ఐస్ పెట్టె పెట్టుకోండి, ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉంచండి, మూడు నాలుగు వారాల్లో తాగేయండి. మావాళ్లలో ఒకరు థాంక్స్‌గివింగ్ దాకా దాచిన డబ్బా తెరిస్తే, బీరు బాగానే ఉంది గానీ ఆ పచ్చి వాసన చాలావరకు పోయింది.